నిలువుగా కోసిన జంపఖానా

స్నేహితులు ఊరు విడిచి పోతుంటే కళ్లనీళ్లు పెట్టుకుని సాగనంపినవాళ్లను చాలామందిని చూశాను. నేను నా స్నేహితుణ్ని, వాడి భార్యను సాగనంపిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది. ఆ సంగతి రాయకుండా వాళ్ల గురించి మంచి మాటలు రాస్తే దొంగ పని అవుతుంది. అందుకని రాస్తున్నాను.

డెబ్బైల్లో మేము వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లం. పెళ్లిళ్లలో, మీటింగుల్లో జనం కూర్చోవడానికి కింద పరుస్తారే, ఆ చారల చారల మందపాటి నూలు తివాచీలు. తొమ్మిది అడుగుల వెడల్పు మగ్గం ఒక్కడితో నడవదు. ఒకే గుంటలో ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నిలువు పోగులు పడుగు, అడ్డంగా నడిచే పోగు పేక. పేక చుట్టిన నాడెను వాడు తన వైపు నుంచి తోస్తే నేను మధ్యలో అందుకుని నా అంచు దాకా లాగాలి. మళ్లీ నేను తోస్తే వాడు అందుకోవాలి. ఆ తర్వాత ఇద్దరమూ చేతిలోని ఇనుప పంజాలతో పేకను ఒకే ఊపున కొట్టాలి. ఒకడు గట్టిగా, ఒకడు మెల్లగా కొట్టారంటే జంపఖానా వంకర పోతుంది. మగ్గానికి జోడీ కుదరడం పెళ్లికి పిల్ల కుదరడం కన్నా కష్టమని మా వాడలో అనేవాళ్లు. నాకు అప్పటికి పిల్ల కుదరలేదు గానీ జోడీ కుదిరాడు. ఎనిమిదేళ్లు ఒకే గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం.

రంగుల లెక్క వాడి నోట్లో ఉండేది. "ఎర్ర ఆరు, నల్ల రెండు, పచ్చ ఒకటి, మల్ల ఎర్ర" అని వాడు అంటూ పోతే నా చెయ్యి ఆడుతూ పోయేది. అంచులో పువ్వు వస్తే నా వైపు సగానికి కూడా వాడే లెక్క చెప్పేవాడు. తన పువ్వు చూసుకుంటూ, నా పువ్వు చూసుకుంటూ, తప్పు పడితే నా పేక కూడా వాడే విప్పేవాడు.

"నువ్వు కూడ లెక్క నేర్సుకోరాదు బావా" అని మొదటి ఏడాది రెండు మూడుసార్లు అన్నాడు.

"నువ్వున్నవు గదా" అన్నాను.

అది వాడికి పొగడ్త అనుకున్నాను. వాడు మళ్లీ అడగలేదు.

మాకు చుట్టరికం ఏమీ లేదు. ఊరికే బావా అంటే బావా అనుకునేవాళ్లం. ఆ లెక్కన వాడి భార్య నాకు చెల్లె అయింది. మగ్గం వాళ్లు అద్దెకున్న ఇంట్లోనే. ఆమె గోడ పక్కన కూర్చుని రాట్నం మీద నూలు చుట్టేది, మధ్యాహ్నం ఇద్దరికీ కలిపి అన్నం పెట్టేది. నా గదిలో పొయ్యి ఉండేది గానీ అది రాజిన రోజులు తక్కువ. ఎనిమిదేళ్లు వాడి లెక్కతో నేశాను, ఆమె వండింది తిన్నాను. మేము ముగ్గురం ఒకటే అని నలుగురిలో చెప్పుకుని తిరిగాను.

ఎనభైల మొదట్లో ఒక రోజు ఆమె పప్పు వడ్డిస్తూ, "భీవండికి పోయినంక ఈ రాట్నం ఎవరికన్న ఇచ్చిపోవాలె అన్నా" అంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. నేను ముద్ద చేతిలో పట్టుకుని వాడి వైపు చూశాను. వాడు తల వంచుకుని తింటున్నాడు.

"భీవండి ఏంది?"

"మా అన్న పిలువబట్టె. బొంబయి పక్కన, కరెంటు మగ్గాల మీద పని దొరికిందట. పదిహేను దినాలల్ల పోతానం."

"చెప్దామనే అనుకుంట ఉన్న బావా" అన్నాడు వాడు పళ్లెంలోకి చూస్తూ.

"అక్కడ జోడీ ఎవలు నీకు?"

"అక్కడ జోడీ ఉండది. ఒక్కడే నాలుగు మగ్గాలు చూస్తడట. పక్కకు మనిషి అక్కర లేదు."

ఆ మాట వాడు మామూలుగానే అన్నాడు. నేను చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశాను. వాడు పోవడం నన్ను కాల్చింది నిజమే గానీ దానికన్నా ఎక్కువ కాల్చింది ఇంకొకటి. "నువ్వు కూడ రా బావా" అని వాడు అనలేదు. ఒక్కమాట. వాడు అంటాడని ఆ పూటంతా చూశాను. మర్నాడు చూశాను. ఆ పదిహేను రోజులూ నేను చేసిన పని అదే, వాడి నోటి వైపు చూడడం. ఆ నోట్లోంచి ఎర్ర ఆరు, నల్ల రెండు తప్ప ఇంకో మాట రాలేదు.

అడగనివాడి మీద అలిగి ఏం లాభం? నాకు అలగడం చేతకాదు, కుళ్లబొడవడం వచ్చు. వర్ధన్నపేట దిక్కు నుంచి భీవండికి పోయినవాడొకడు ఊపిరితిత్తుల్లో పత్తి నిండి రక్తం కక్కుకుంటూ తిరిగొచ్చాడని ఒక కథ అల్లి ఆమెకు చెప్పాను. అట్లాంటి మనిషి ఎవరూ లేడు. ఆమె రాట్నం ఆపి నా వైపు చూస్తే నాకు లోపల చల్లగా అయింది. మర్నాడు ఇంకొంచెం కలిపాను. ఒక్క గదిలో పన్నెండు మంది పడుకుంటారని, ఆడవాళ్లు నీళ్ల బిందె కోసం తెల్లారకముందే కొట్లాడాలని, మన భాష ఎవడికీ రాదని. "మరాఠీల తిడితె నవ్వుకుంట నిలబడు చెల్లె, తిట్టిండని నీకెట్ల తెలుస్తది" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. వాడు నాడె తోస్తూ, "ఎందుకు బావా దాన్ని భయపెడ్తవు" అన్నాడు, అంతే. కోపమైనా రాదు వీడికి అని నా కోపం రెండింతలైంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న అని వినేటట్టు గొణిగాను. ఆ సామెతలో ఏరు దాటించినవాడు ఎవడో, దాటినవాడు ఎవడో ఆలోచించుకునే తెలివి అప్పుడు నాకు లేదు.

పోయే ముందర ఆమె ఒక కోరిక కోరింది. అంత నేసినా మా ఇళ్లల్లో జంపఖానా ఉండదు. మేము గోనెసంచుల మీద పడుకునేవాళ్లం. ఆమె మూడేళ్లుగా మగ్గం కింద రాలిన నూలు తునకలు ఏరి, ముడి వేసి ముడి వేసి, రంగుకో ఉండ చుట్టిపెట్టింది. బెత్తెడు కన్నా పెద్ద తునక ఒక్కటి కూడా చీపురుకు దొరకనిచ్చేది కాదు. పడుగు చివర రెండు గజాలు మిగిలితే అది నేసినవాళ్లదే అని మా దగ్గర అలవాటు. ఆ మిగులు మీద, ఆ తునకల నూలుతో వాళ్లు తీసుకుపోవడానికి ఒక జంపఖానా నేసిమ్మంది.

నేశాం. నాలుగు రోజులు పట్టింది. ముడి ముడికీ నాడె ఆగేది. అంత ఒద్దికగా నేను ఎన్నడూ నేయలేదు. ఇది మా ఇద్దరి ఆఖరి పని, ఇప్పుడైనా అడుగుతాడు అనుకున్నాను. పంజా కొట్టినప్పుడల్లా పక్కకు చూసేవాణ్ని. నాలుగో రోజు మధ్యాహ్నం పడుగు కోసి జంపఖానా దించాడు, దులిపాడు, మడిచాడు. అడగలేదు.

ఆ రోజు ఆమె బగారన్నం, కోడికూర వండింది. తెల్లవారితే ప్రయాణం. సామాను ట్రంకుపెట్టెలోకి, గోనెసంచుల్లోకి పోయింది, గది డొల్లగా ఉంది. తిన్న తర్వాత ఆమె జంపఖానా మీద చెయ్యి వేసి నిమిరింది.

"మీ ఇద్దరి చేతి పని అన్నా ఇది. అక్కడ దీని మీద పండుకుంటె నువ్వు మా దగ్గర ఉన్నట్టె ఉంటది."

మంచి మాటే. మనసులో నుంచే అంది. కానీ నా చెవికి అది పుండు మీద కారమైంది. మనిషి వద్దు, మనిషి నేసిన గుడ్డ కావాలి!

"సగం నాది" అన్నాను.

ఆమె నవ్వింది. "నీది కాదంటాన్నానా?"

"నా దిక్కు సగం నాకియ్యి. కోసుకుందాం."

పరాచికం కాదని ఆమెకు తెలియడానికి కొంచెం సేపు పట్టింది. మొహం చిన్నబోయింది. అయినా సర్దుకుని, చిన్నపిల్లవాణ్ని బుజ్జగించినట్టు అంది. "సరె అన్నా, అడ్డంగ కోద్దాం. కోసిన కాడ నేను కుచ్చులేస్త. రెండు ముక్కలు మంచిగుంటయి, ఇద్దరికి పనికొస్తయి."

అడ్డంగా కోస్తే తెగేది పడుగు. తెగిన పడుగు కొసలను జతజతగా ముడి వేస్తే గుడ్డ నిలుస్తుంది. నిలువుగా కోస్తే అట్లా కాదు. అటంచు నుంచి ఇటంచు దాకా నడిచిన ప్రతి పేకా నడుమన తెగిపోతుంది. ముడి వేయడానికి ఏమీ దొరకదు. కోసిన చోటు నుంచి పడుగు పోగులు ఒకటొకటే జారి రాలుతాయి, రెండు ముక్కలూ పాడవుతాయి. ఇది మగ్గం ముఖం చూసిన ఎవరికైనా తెలుసు. ఆమెకు తెలుసు, వాడికి తెలుసు. నాకు బాగా తెలుసు.

"అడ్డంగ కాదు. నేను కూసున్నది పక్కకు. నిలువుగ కొయ్యాలె" అన్నాను.

"మూడేండ్ల నూలు అన్నా" అంది ఆమె.

అప్పుడు వాడు లేచాడు. తంతాడేమో అనుకున్నాను. వాడు నన్ను తన్నాలనే నాకు ఎంతో ఉండింది. తంతే ఇద్దరం కలబడేవాళ్లం, కలబడితే నన్ను రమ్మనని సంగతి బయటికి వచ్చేది. వాడు ట్రంకుపెట్టె తెరిచి, సర్దిన బట్టల అడుగు నుంచి కత్తెర తీసి నా చేతికి ఇచ్చాడు. జంపఖానా నేల మీద పరిచి అవతలి కొస పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు.

మందపాటి గుడ్డ, కత్తెర సాగలేదు. మధ్యలో వంకర పోతోంది.

"జర గట్టిగ గుంజి పట్టు" అన్నాను.

గుంజి పట్టాడు. నేను కోశాను. నేసేటప్పుడు ఇద్దరి చేతులూ ఎంత ఒద్దికగా ఆడాయో కోసేటప్పుడూ అంతే. కోసిన దారి పొడుగునా రంగు రంగుల పేక కొసలు లేచి నిలబడ్డాయి. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను నా సగం భుజాన వేసుకుని బయటికి వచ్చాను. వాకిట్లో కాసేపు నిలబడ్డాను. సిగ్గు లేనివాణ్ని, అప్పుడు కూడా వెనక నుంచి పిలుస్తాడేమో అని నిలబడ్డాను.

తెల్లవారి స్టేషనుకు పోయాను. ఎవరూ రమ్మనలేదు. వాళ్ల రిక్షా వెనక సైకిల్ మీద పోయాను. నా హ్యాండిల్‌కు ఒక చేతిసంచి వేలాడుతోంది, అందులో నా బట్టలు రెండు జతలు, ఒక తువ్వాల. చివరి నిమిషంలో అడిగితే బట్టలు లేవని ఆగిపోకూడదు గదా! సైకిల్‌ను స్టేషన్ బయట చాయ్ హోటల్ గోడకు ఆనించి, తాళం చెవి జేబులో వేసుకుని, సంచి పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి పోయాను. వాళ్ల ట్రంకు నేనే మోసి బండిలో పెట్టాను. ఆమె అవతలి కిటికీ దగ్గర కూర్చుని అటే చూసింది. కోసిన సగం చుట్ట చుట్టి ఒళ్లో పెట్టుకుంది, దారి పొడుగునా పోగులు రాలకుండా దాని చుట్టూ చీరపేలిక బిగించి కట్టింది.

వాడు దిగి నా దగ్గరికి వచ్చాడు.

"ఆ సంచిల ఏంది?"

"ఏం లేదు."

వాడు సంచిని చేత్తో ఒత్తి చూశాడు. నూలు పట్టి పట్టి ఏ గుడ్డనైనా తాకి చెప్పగలిగిన చెయ్యి అది. చొక్కాలు, లుంగీలు వాడికి తెలిసిపోయాయి. చాలాసేపు ఆ సంచి మీద చెయ్యి అట్లాగే ఉంచాడు.

"బావా, నువ్వు చూస్తానవని నాకెరుకే" అన్నాడు. "నిన్ను అడుగలె. అడుగుతె వస్తవని భయపడ్డ."

కోపంతో అని ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేవాణ్ని. వాడి గొంతులో కోపం లేదు. పొద్దంతా నేసి గుంటలో నుంచి లేచినప్పుడు ఎట్లా మాట్లాడతాడో అట్లా మాట్లాడాడు.

"ఎనిమిదేండ్లు ఇద్దరి లెక్క నేనే చెప్పిన. నీ పువ్వు నేనే చూసిన, నీ తప్పు నేనే ఇప్పిన. నిద్రల కూడ లెక్కలే వస్తానయి. నీ చెల్లె కూడ రోజు ముగ్గురికి వండీ వండీ ఏనాడు ఒక మాట అనలె. ఇంక మాతోని కాదు బావా. నీ మీద ప్రేమ లేక కాదు, ఒట్టు. మాతోని కాదు, అంతె."

బండి కూత వేసింది. వాడు ఎక్కాడు. తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఎత్తాడు, నేను ఎత్తలేదు. ముందు రోజు కత్తెర తెచ్చి ఇచ్చినప్పుడు వాడి మొహంలో ఏముందో బండి కదిలిన తర్వాత అర్థమైంది. వాణ్ని నరకాలని నేను కోశాను. వాడు మాత్రం, ఇట్లాగైనా తెగితే చాలుననే గుంజి పట్టాడు.

వాళ్లు తర్వాత రెండుసార్లు పెళ్లిళ్లకు వచ్చి పోయారని విన్నాను. మా వాడ వైపు రాలేదు. నా సగం ముక్క చలికాలం దాటకముందే పోగు పోగుగా రాలిపోయింది.

వాళ్లు పోయిన వారానికి ఆ ఇంట్లోనే, అదే మగ్గం మీద నాకు ఇంకో జోడీ దొరికాడు, మడికొండ నుంచి వచ్చిన కొత్తవాడు. గుంటలో దిగి కూర్చుంటూ, "లెక్క ఎవలు చెప్తరన్నా?" అని అడిగాడు. నేనే చెప్తానన్నాను. నాకు రాదు. రాత్రికి పాత జంపఖానా ఒకటి ముందు వేసుకుని, రంగు రంగుకూ వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అంత కష్టమైన పనేమీ కాదు. పదిహేను రోజుల్లో వచ్చేసింది.