తుబ్లీ ఒడ్డున పోలి దీపాలు

కార్తీకమంతా బాల్కనీలో దీపం పెట్టినా సరే, నెల వెళ్లిన మర్నాడు పోలి పాడ్యమికి అరటిదొప్పల్లో దీపాలు నీళ్లలో వదలకపోతే మా గోదావరి వాళ్లకు పండుగ అయినట్టే ఉండదు. తొంభైల్లో మావారి ఉద్యోగం కోసం బహ్రెయిన్‌లోని ఉమ్మ్ అల్ హస్సామ్‌కు కాపురం వెళ్లిన కొత్తలో నేను సర్దుకుపోయాను. ఒక ఏడు మాత్రం సత్యవతి సర్దుకోనివ్వలేదు. ఆమెది కొవ్వూరు, మా వీధి చివర అరబ్బుల ఇంట్లో పనిచేసేది. ఆషాఢంలో వాళ్లమ్మ పోతే, కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, పాసుపోర్టు ఇవ్వక వెళ్లడం కుదరలేదు. "అమ్మ పేరున దీపం వదిలి సాగనంపితే గానీ నాకు నిద్దరట్టదండి, అక్కగారూ" అంది. పిల్లలు బడికి వెళ్లేలోగా వచ్చేస్తానని యజమానురాలిని బతిమాలి సెలవు తెచ్చుకుంది.

ముందురోజు జిదాఫ్స్ బజారులో కూరలమ్మే ఆయన, తన తోటలో గెల కోసేసిన అరటిబోదె ఒకటి దొప్పలకని ఊరికే ఇచ్చాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు టాక్సీ ఎక్కాం. రానూపోనూ రెండు దీనార్లు. డ్రైవరు బహ్రెయినీ పెద్దాయన, హిందీ బాగానే మాట్లాడతాడు. తుబ్లీ సముద్రపు ఒడ్డుకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

తీరా దిగి చూస్తే సముద్రం లేదు! కనుచూపు మేరా బురదే. మా గోదావరి ఎప్పుడెళ్లినా రేవులోనే ఉంటుంది. సముద్రానికి రాకపోకలుంటాయని, అమావాస్య రోజుల్లో నీరు మరీ దూరం పోతుందని మా ఇద్దరి బుర్రలకూ తట్టనే లేదు. ఎండెక్కాక వస్తుందన్నాడు డ్రైవరు. "అప్పటికి నేను గిన్నెలు తోముతా ఉంటానండి" అని సత్యవతి దొప్పలు పట్టుకుని అక్కడే కూలబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంతకీ ఏమిటీ పండుగ అని పెద్దాయన అడిగితే కథ చెప్పాను. అత్తగారు పెద్ద కోడళ్లను ఏటికి తీసుకెళ్లి, చిన్నకోడలు పోలిని నూనె, వత్తి లేకుండా ఇంట్లో వదిలేసింది. పోలి పత్తి చెట్టు కింద రాలిన దూదితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్నతో దీపం పెట్టింది. ఆమె కోసం స్వర్గం నుంచి విమానం దిగింది.

"ఆ పిల్ల ఏటికి వెళ్లనే లేదు కదా! మరి మీకు సముద్రం దేనికి? యల్లా, కానివ్వండి!" అని ఆయన డిక్కీలోంచి కారు కడిగే బేసిను తీసి, శుభ్రంగా తొలిచి, క్యాను నీళ్లన్నీ పోసేశాడు.

దీపాలు వెలిగించి నీళ్లు తోశాం. నా దొప్ప ఓ చుట్టు తిరిగి వచ్చేసింది. "పోలమ్మకి కఫీలు పాసుపోర్టు ఇవ్వలేదేమోనండి!" అంది సత్యవతి. పడీపడీ నవ్వుకున్నాం. తరువాత వాళ్లమ్మ పేరున దీపం వదిలింది. ఎన్నిసార్లు తోసినా అదీ వచ్చి ఆమె వేళ్ల దగ్గరే ఆగింది. నేను సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనియ్యండి అక్కగారూ. నేను ఎల్లలేకపోయానని అమ్మే వచ్చింది."

ఎన్ని పెద్ద రేవుల్లో ఎన్ని దీపాలు చూసినా, నాకు కార్తీకమంటే ఆ తెల్లవారుజామే. సత్యవతి దారంతా పాడుకుంటూనే వచ్చింది, పిల్లల బడి బస్సుకంటే ముందే ఇల్లు చేరింది. మీరూ అక్కడ ఈ పండుగ చేసుకోదలిస్తే, ముందురోజు పేపర్లో ఆటుపోట్ల వేళలు చూసుకోండి. అయినా సరే, వెడల్పాటి బేసిను ఒకటి వెంట ఉంచుకోండి.