రెండో సిలిండర్ ఎందుకు ఖాళీ అయింది

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను సీనియర్ టెక్నీషియన్‌గా జర్మనీలోని బ్యోబ్లింగెన్ సర్వీసు కేంద్రంలో వేశారు. బార్లలో బీరును పీపా నుంచి కుళాయిదాకా తెచ్చే ఏర్పాటును పరీక్షించడం నా పని. గుంటూరు ఆడమనిషికి ఇదేం ఉద్యోగమని ఇక్కడి మనవాళ్లు వింతగా చూసేవారు. ఇంట్లో బీరు కుళాయి పెట్టించుకున్నాక మాత్రం అందరూ నాకే ఫోన్ చేసేవారు.

రవీందర్ కూడా ఒక శనివారం అలాగే ఫోన్ చేశాడు. వరంగల్‌వాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ శనివారం సాయంత్రం అతని బాస్, టీమ్‌వాళ్లు మొదటిసారి ఇంటికి భోజనానికి వస్తున్నారు.

"అక్కా, పొద్దుగాల నుంచి తిప్పలవడుతున్న. అంత నురగే వస్తున్నది" అన్నాడు.

మనవాళ్లకు నురగంటే కొలతలో మోసం. ఇక్కడివాళ్లకు పైన నురగ లేకపోతే అది బీరే కాదు. గ్లాసంతా నురగైతే మాత్రం ఎవరికీ పనికిరాదు. సంగతేమిటంటే, దేవుడి అలమర పక్కన బీరు ఉండటానికి వీల్లేదని భార్య స్వప్న అనడంతో, రవీందర్ పీపానూ, బీరును పైకి నెట్టే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సిలిండర్‌నూ కింద కెల్లర్‌లో, అంటే నేలమాళిగలో, కిటికీ లేని సామాన్ల గదిలో పెట్టాడు. కుళాయి పైన వంటింట్లో ఉంది. చల్లని బీరు గ్యాసును పట్టి ఉంచుతుంది. పొడుగు పైపులో వెచ్చబడితే వదిలేస్తుంది, అదే నురగ. బీరు పైకి సరిగా ఎక్కడం లేదని అతను ప్రెషర్ ఇంకా పెంచాడు.

ఇదంతా మామూలే. కానీ మార్చి వారం కాకముందే రెండో సిలిండర్ కూడా ఖాళీ అవుతోందని మాటల్లో మాటగా చెప్పాడు. ఒక్క పీపాకు అంత గ్యాసు పట్టదు. మిగతాది ఎక్కడికి పోతోందని అడిగితే, సోడాలో ఉండే గ్యాసే కదా అని నవ్వాడు. ఒళ్లు మండింది. గ్యాసు కొలిచే మీటర్ తీసుకుని వెంటనే వాళ్లింటికి వెళ్లాను.

ఆ గ్యాసుకు వాసన ఉండదు. గాలికన్నా బరువు, నీళ్లలా నేలమీద నిలుస్తుంది; మూసిన గదిలో నిండితే ఊపిరాడక ప్రాణం పోతుంది. అందుకే మా డ్యూటీలో ముందు మీటర్ వెళ్తుంది, తర్వాత మనిషి. కెల్లర్ మెట్లమీదే నిలబడి మీటర్‌ను తాడుతో కిందికి దించాను. నేలను తాకకముందే అలారం మోగింది. ఇంతలో వాళ్ల ఐదేళ్ల పాప అన్వి నా పక్కనుంచి దూరి కిందికి పోబోయింది. చెయ్యి పట్టి ఆపాను. ఆ గది తన ఇల్లని, బొమ్మలన్నీ అక్కడే ఉన్నాయని జర్మన్‌లో గొడవపడింది. రోజూ ఆ నేలమీద కూర్చునే ఆడుకుంటుందట. అన్నేళ్ల సర్వీసులో నాకు నిజంగా భయమేసింది అప్పుడే.

బయటివైపు నుంచి వెళ్లి కెల్లర్ తలుపు తెరిచాను. గాలి ఆడి మీటర్ ఊరుకున్నాకే లోపలికి వెళ్లి వాల్వ్ కట్టేశాను. సిలిండర్ మార్చినప్పుడు రవీందర్ వాషర్ వెయ్యడం మరిచాడు, గ్యాసు అక్కడినుంచే కారుతోంది.

కొత్త వాషర్ వేసి మళ్లీ అక్కడే బిగించమన్నాడు. "ఈ ఒక్కపూట నడిపియ్యక్కా, మా బాస్ బయలుదేరిండు." నేను కుదరదన్నాను. అతని ముఖం మాడిపోయింది, ఇక నాతో మాట్లాడడనే అనుకున్నాను. అంతలో స్వప్న మెట్లమీద నుంచి అరిచింది: "నీ బాస్ సంగతి తర్వాత, ముందు పిల్ల పానం! పైకి తీస్కరా ఆ పీపాను. బీరు లేకుంటే మజ్జిగ తాగుతరు."

పీపాను టెర్రస్ మీద ఐసు టబ్బులో పెట్టి, పొట్టి పైపు తగిలించి, ప్రెషర్ తగ్గించాను. కదిలించిన పీపా కుదుటపడేదాకా అతిథులు సూపర్‌మార్కెట్‌లో కొన్న సీసా బీరు తాగారు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

నురగ లెక్క తప్పితే పోయేది గ్లాసు బీరే. ఆ రోజు తర్వాత రిటైరయ్యేదాకా, ఫిర్యాదు ఏదైనా సరే, గ్లాసు చూడకముందు సిలిండర్ ఉన్న గది చూసేదాన్ని. అక్కడికి పిల్లలు వస్తారా అని అడిగేదాన్ని.