కావేరిలో వదిలిన చీర

మైసూరు దారిలో ఎవరైనా కారులో చిత్రాన్నం డబ్బా మూత తీస్తే నేనిప్పటికీ కిటికీ అద్దం దించుతాను. నిమ్మరసం, ఇంగువ, వేయించిన వేరుశనగపప్పు కలిసిన ఆ వాసన అందరికీ ఆకలి పుట్టిస్తుంది. నాకు మాత్రం మా పెద్దమ్మ చెయ్యి గుర్తొస్తుంది.

కాటన్‌పేటలో మాది ఉమ్మడి ఇల్లు. నాన్న, పెద్దనాన్న ఒకే బట్టల అంగడిలో కూర్చునేవారు. అమ్మ, పెద్దమ్మ ఒకే వంటింట్లో నిలబడి గిన్నెల చప్పుడుతోనే మాట్లాడుకునేవారు. ఎండాకాలం సెలవుల్లో అందరం బాడుగ వ్యాన్‌లో మైసూరుకు బయలుదేరి, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు నములుతూ, కిటికీ పక్క చోటు కోసం గిల్లుకుంటూ, శ్రీరంగపట్నం దగ్గర కావేరి రేవులో దిగేవాళ్ళం. నదిలో మునిగిన బట్టను నదికే వదలాలి, ఇంటికి తెస్తే పాపం వెంట వస్తుందని మా ఇంటి ఆచారం. అందుకని ఆడవాళ్ళు మునగడానికి చిరుగుల చీరొకటి, కట్టుకోవడానికి మంచిదొకటి తెచ్చుకునేవారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ తెచ్చుకున్న మంచి చీర, చనిపోయిన మా అమ్మమ్మది. వంకాయ రంగు పట్టు, అంచు వెలిసిపోయింది. అమ్మ నీళ్ళలో ఉండగా పెద్దమ్మ మెట్ల మీద దాని మడత విప్పి, కొంగు తిప్పి చూసి, ఎవరిదో బాగా గుర్తుపట్టి, మెల్లగా నీళ్ళలోకి జార్చింది. నేను ఆమె పక్కనే ఉన్నాను.

అమ్మ గట్టెక్కి వెతుక్కుంటుంటే పెద్దమ్మ నాన్న వైపు తిరిగింది.

"పాతగా ఉండాది, ఇడిసేదే అనుకొని ఇడిసినా అప్పా."

నాన్న వదినగారికి ఎదురు చెప్పలేక వ్యాన్ వైపు నడిచాడు. అమ్మ నన్నడిగింది.

"నువ్వు ఈడే ఉండావు కదా. ఆమె చూసి ఇడిసిందా, చూడక ఇడిసిందా?"

పెద్దమ్మ చిత్రాన్నం ముద్ద నా నోటి దగ్గర పెట్టింది. నేను చూడలేదని చెప్పి, నోరు తెరిచాను. అమ్మ నదికి వదలాల్సిన ఆ తడి చీరతోనే మైసూరుదాకా కూర్చుంది.

ఇప్పుడా రేవులో బట్టలు వదలకూడదని బోర్డు పెట్టారు. కాటన్‌పేట ఇంటి చోట గోదాము లేచింది. పెద్దమ్మ పోయినప్పుడు నేను ఏడవలేదు, అందుకు సిగ్గుపడటమూ లేదు. ఆమెను తిట్టుకోవడం నాకు సులువు. కిందటేడు అమ్మ కూడా పోయింది. ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కూర్చున్నన్ని రోజులూ, ఆ రోజు నేను చూశానన్న మాట నోటిదాకా వచ్చేది, రేపు చెబుదామనుకునేదాన్ని. అమ్మ నన్ను మళ్ళీ అడగలేదు. నేనూ చెప్పలేదు.