స్పెయిన్ వైన్‌తో మామను మెప్పించబోయి

ఒక దేశం పరువు తీయడానికి సైన్యం అక్కర్లేదు, నాలాంటివాడు ఒక్కడు చాలు. స్పెయిన్ పరువును నేను బాన్సువాడలో, మా ఇంటి వరండాలో, పట్టపగలే తీశాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పటికి నాకు ఒక సెల్‌ఫోన్ల దుకాణమూ, దాంట్లో పట్టనంత పొగరూ ఉండేవి. మద్నూర్‌లో రెండు లారీలున్న పెద్దమనిషి, తన కూతుర్ని నాకిచ్చే ముందు “పిలగాడు ఎసుంటోడో సూసిపోత” అని కబురు పంపాడు. ఆయనకు భోజనానికి ముందు ఒక గుక్క అలవాటట. అందరిలా విస్కీ పోస్తే ఇంక నా గొప్పేముంది? హైదరాబాద్ నుంచి స్పెయిన్ రెడ్ వైన్ తెప్పించాను. ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన పీపాల్లో ఏళ్లతరబడి ఉంచితే దానికి లవంగం, తోలు, పొగాకు వాసనలు అబ్బుతాయని రెండు రోజులు వీడియోలు చూసి బట్టీ పట్టాను. రుచి చూశావా అని అడక్కండి. పరీక్ష రాయాలంటే పుస్తకం తినాలా?

వైన్‌కు గాలి తగలాలని వీడియోలో చెప్పారు కదా అని సీసా మొత్తం స్టీలు గిన్నెలోకి ఒంపి, మూత పెట్టకుండా వంటింట్లో ఉంచి, మటన్ తేవడానికి బజారుకెళ్లాను. ఇంట్లో మా అవ్వ, అంటే నాయనమ్మ, ఒక్కతే ఉంది.

మధ్యాహ్నానికి కాబోయే మామ వచ్చి కూర్చున్నాడు. గిన్నె తెచ్చి గ్లాసుల్లో పోసి, ఉపన్యాసం అందుకున్నాను.

“ముందుగాల వాసన సూడాలె మామా. తోలు, పొగాకు, పాత చెక్క... తెలుస్తున్నయా?”

“గివన్నీ నా లారీ క్యాబిన్ల ఉంటయి గద పిలగా. దీనికోసం స్పెయిన్ దాంక పోవాల్నా?”

నేను తగ్గలేదు. ఒక గుక్క తాగాను. ఆహా! వీడియోలు అబద్ధమాడలేదు. ఘాటు నషాళానికంటింది.

“లవంగం మామా, లవంగం! దీంట్ల ఒక్కటి గూడ వెయ్యరు. అంతా ఓక్ చెక్క మహిమ!”

ఆయనా తాగి, దవడలు ఆడించాడు. వైన్‌ను నమిలి రుచి చూసే మహానుభావులుంటారని వీడియోలో విన్నాను. ఈయన నాకన్నా ముదురనుకున్నాను. ఇంతలో ఆయన నోట్లో వేలు పెట్టి, నల్లటి పుల్లముక్క ఒకటి బయటికి తీశాడు.

“గిదేంది?”

“అదా... ఓక్ పీపా పెచ్చు మామా. శాన అరుదు. అదృష్టవంతులకే వస్తది.”

ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. “పెచ్చుకు మొగ్గ గూడ ఉన్నదేంది?”

గుమ్మంలోంచి అవ్వ నొచ్చుకుంది. “అయ్యో, వడగట్టిన గద బిడ్డా, ఒకటి జారిందా? గిన్నెల నీళ్లు పుల్లగ, వగరుగ ఉన్నయి. జలుబుకు కషాయం తెచ్చుకున్నవేమో అనుకొని బెల్లం, శొంఠి, లవంగాలేసి మంచిగ మరగబెట్టి సల్లార్చిన.”

నేను నా గ్లాసును మెల్లగా కుర్చీ కిందికి నెట్టాను.

మామ గ్లాసు ఖాళీ చేసి అవ్వ వైపు చాచాడు. “ఇంకింత పొయ్యి అవ్వా.” తర్వాత నా వైపు తిరిగాడు. “పిల్లనిస్త.”

“నిజంగనా మామా?”

“లవంగం చేతుల వెట్టి అడిగితే, కండ్లల్లకు సూసి చెక్క పెచ్చంటివి. బార్డర్ కాడ పోలీసోళ్లు లారీలాపి కాయితాలడిగితే గిట్ల జవాబు చెప్పెటోడు నాకు శాన దినాలసంది దొరుకుతలేడు.”

పెళ్లయింది. ముహూర్తం నాడే దేవుడి పటం ముందు నిలబడి, కొబ్బరికాయ కొట్టి మరీ ఒట్టేసుకున్నాను: వంటింటి గడప దాటి వచ్చిన ఏ ద్రవాన్నీ, అవ్వ వాంగ్మూలం తీసుకోకుండా ఈ జన్మలో పొగడను.