సాయిలు పెంచిన ఆరు పళ్ళు

మాదాపూర్ బండల మధ్య రేకుల షెడ్డు వేసుకుని మోటారు సైకిళ్ళు బాగుచేసే సాయిలుకు వేగం మీద పెద్ద గౌరవం లేదు. అంతకుముందు పదేళ్ళపాటు గజ్వేల్ దగ్గర వ్యవసాయ బావుల మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేశాడు. ఆ ఇంజన్లు ఏనాడూ తొందరపడేవి కావు. టక్కు టక్కుమంటూనే బావి అడుగున ఉన్న నీళ్ళను పైకి లాగేవి. బావులు ఎండిపోయాక సాయిలు హైదరాబాదు వచ్చాడు.

తొంభై ఏడు వానాకాలంలో బుల్లిబాబు అనే సర్వేయర్ తన వంద సీసీ బండిని తోసుకుంటూ షెడ్డుకు వచ్చాడు. అమలాపురం వైపు మనిషి. నిజాంపేటలో అద్దెకుంటూ, హైటెక్ సిటీ చుట్టూ వేయబోయే రోడ్ల కోసం గుట్టలు కొలుస్తున్నాడు.

"క్లచ్ ప్లేట్లు మళ్ళీ కాలిపోయాయండి. నాలుగు నెలల్లో ఇది మూడోసారి" అన్నాడు.

సాయిలు కొత్త ప్లేట్లు వేసి, బండిని ఎదురుగా ఉన్న గుట్ట మీదికి ఎక్కించి చూశాడు. సగం దూరంలో ఇంజన్ ఆగిపోయింది. అతను ఆశ్చర్యపోలేదు.

"బలం లేక కాదు సార్. జోరుగ తిప్పితేనే వస్తది దీని బలం. బండల మీద జోరుగ ఎట్ల పోతరు? అందుకే మీరు సగం క్లచ్ పట్టుకొని ఎక్కుతున్నరు, ప్లేట్లు కాలుతున్నయి."

"మరేం చెయ్యమంటారు?"

"ఎనక చైన్ చక్రం మార్చి ఆరు పళ్ళు పెంచుత. మెల్లగ పోయినా గుంజుతది. గని స్పీడ్ తగ్గుతది. తర్వాత నన్ను అనొద్దు."

అననని బుల్లిబాబు మాటిచ్చాడు. వారం తిరగకుండా వచ్చి అన్నాడు.

"గుట్టల మీద బ్రహ్మాండంగా ఉందండి. ఇంటికెళ్ళేటప్పుడే ఇబ్బంది. అరవై దాటితే పిండిమరలా అరుస్తోంది. మొన్న మా ఆవిణ్ణి ఎక్కించుకుని కూకట్‌పల్లి వెళ్తుంటే పాలక్యాన్ల మోపెడ్ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. ఉమాశ్రీ రెండు రోజులుగా ఇంకో విషయం మాట్లాడటం లేదు. పాత చక్రం వేసేయండి."

సాయిలు బండిని స్టాండు మీద నిలబెట్టాడు. పానా తీసుకుని వెనక చక్రం నట్టు వదులు చేస్తుండగా నర్సయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. దగ్గర్లోని క్వారీలో భార్య నీలమ్మతో కలిసి రాళ్ళు కొట్టే మనిషి.

"అన్నా, నీలమ్మ కాలు మీద బండ పడ్డది! నెత్తురు ఆగుతలేదు. బాటంతా బురద, లారీ కిందికి దిగుతలేదు. జల్ది రా!"

సాయిలు నట్టు మళ్ళీ బిగించాడు. నర్సయ్యను అదే బండి వెనక ఎక్కించుకుని బయలుదేరాడు. బుల్లిబాబు వాళ్ళ వెనక నడుచుకుంటూ వచ్చి క్వారీ గట్టు మీద నిలబడ్డాడు.

గుంత అడుగున నీలమ్మ పాదానికి చీర చెంగు చుట్టి ఉంది. ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, నర్సయ్య వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాడు. పైకి పోయే బాట నిట్టనిలువుగా, జారుడుగా ఉంది. సాయిలు బండిని బాటకు ఎదురుగా తిప్పాడు. ఒకటో గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలేశాడు. ఇక దాన్ని ముట్టుకోలేదు.

బండి నడిచే మనిషి కంటే మెల్లగా ఎక్కింది. చక్రం రెండుసార్లు పక్కకు జారింది. ఇంజన్ మాత్రం ఆగలేదు.

"ఇంకెంత దూరమున్నదన్నా?" అంది నీలమ్మ.

"అయిపోయింది చెల్లే" అన్నాడు సాయిలు. ఇంకా సగం ఉంది.

గట్టెక్కి ఆగకుండా దవాఖానకు తీసుకుపోయాడు. పాదంలో మూడు ఎముకలు విరిగాయి. ఇంకాస్త ఆలస్యమైతే నెత్తురు పోయి మనిషి దక్కేది కాదని డాక్టరు చెప్పాడు. నాలుగో నెలకు నీలమ్మ కర్ర పట్టుకుని నడిచింది. రాళ్ళ పనికి మాత్రం మళ్ళీ పోలేదు.

ప్రమాదం జరిగిన రోజు సాయంత్రమే షెడ్డు దగ్గర సాయిలు మళ్ళీ పానా తీశాడు. "ఇగ పాత చక్రం ఎయ్యాల్నా సార్?"

బుల్లిబాబు వెనక చక్రానికి అంటిన క్వారీ బురదను చేత్తో తుడిచాడు. "మా ఆవిణ్ణి అడిగి చెబుతానండి."

ఆదివారం ఉమాశ్రీయే వచ్చింది. జరిగిందంతా సాయిలు నోట విని, బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇలాగే ఉండనివ్వండి. కూకట్‌పల్లికి నేను బస్సులో వెళతాను" అంది.

ఆ నెలలోనే బుల్లిబాబు ఆఫీసు వాళ్ళ నాలుగు బండ్లు అదే పనికి వచ్చాయి. ఏడాదిన్నర పాటు సాయిలుకు చేతినిండా పని ఉంది.

తొంభై తొమ్మిదిలో తారురోడ్లు పడ్డాయి. కొత్త ఆఫీసుల్లో చేరిన కుర్రాళ్ళు కొందరు షెడ్డుకు వచ్చి, స్పీడ్ పెరిగేలా పళ్ళు తగ్గించమన్నారు.

"తగ్గిస్తే గుట్టలెక్కవు" అన్నాడు సాయిలు.

"గుట్టలెక్కడున్నాయి?" అన్నాడు వాళ్ళలో ఒకడు.

సాయిలు తలెత్తి చుట్టూ చూశాడు. ఎదురుగా గుట్ట ఉన్నచోట చదునుగా తారురోడ్డు ఉంది. తర్వాత పానా కోసం వెతుక్కున్నాడు.