రంగూన్ వెళ్లినాయన పేరున ఇంటిపన్ను

2002వ సంవత్సరం. గోదావరి పాయకీ కాలవకీ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న మున్సిపాలిటీలో నేను బిల్ కలెక్టర్ని. ఊరి పేరు చెప్పను. పొద్దున్నే బస్సెక్కి పాలకొల్లులో పని చూసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయగలిగినంత దూరం అనుకోండి, చాలు. బిల్ కలెక్టర్ అంటే జనం భాషలో పన్నుల గుమాస్తా. నేను వీధి మలుపు తిరిగితే అరుగుల మీద కూర్చున్నవాళ్లకి ఉన్నట్టుండి లోపల పొయ్యి మీద ఏదో గుర్తొచ్చేది. పద్దెనిమిదేళ్లు ఆ ఉద్యోగం చేస్తే మనిషికి నోరు పెరుగుతుంది, చర్మం మందమవుతుంది. నాకు రెండూ అయ్యాయి.

ఆ ఏడాది ఇంటిపన్నుల రివిజన్ వచ్చింది. అంటే ఊళ్లో ప్రతి ఇంటికీ కొత్తగా విలువ కట్టడం. ఆ విలువని మేం యాన్యువల్ రెంటల్ వాల్యూ అంటాం. ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చో ఒక అంచనా. స్లాబు ఇంటికి ఎక్కువ, పెంకుటింటికి తక్కువ. పాత ఇంటికి తగ్గింపు ఉంటుంది, నలభై ఏళ్లు దాటితే ఇంకాస్త ఉంటుంది. ఇదంతా లోపలికి వెళ్లి, టేపు పట్టి, అడిగి రాయాలి. కానీ ఎండాకాలంలో రెండు వార్డులు నా నెత్తిన పెట్టారు. నిజం ఒప్పుకుంటున్నాను, చాలా ఇళ్లు సైకిల్ దిగకుండానే రాశాను. మా వైపు ఇల్లు కట్టుకున్నా, ముందు భాగం బాగు చేయించుకున్నా ఇంటి నుదుటి మీద సిమెంటుతో దేవుడి పేరూ, సంవత్సరమూ పోయిస్తారు. మాబోటి వాళ్లకి అది వరం. తలెత్తి చూడటం, సంవత్సరం ఎక్కించుకోవడం, పెడల్ తొక్కడం.

లాకుల పేటలో ఒక ఇంటి నుదుట "శ్రీరామ 1992" అని ఉంది. ముందు స్లాబు వసారా, దానికి నీలం రంగు. "స్లాబు ఇల్లు, వయసు పదేళ్లు" అని రాసి ముందుకెళ్లిపోయాను.

మూడు నెలల తర్వాత స్పెషల్ నోటీసులు వెళ్లాయి. నీకు కొత్తగా ఇంత పన్ను వేశాం, అభ్యంతరం ఉంటే గడువులోగా చెప్పుకో అని తెలిపే కాగితం అది. చెప్పుకోవడానికి వేసే అర్జీని రివిజన్ పిటిషన్ అంటారు. కొత్త రేటు ప్రకారం ఒక అర్ధ సంవత్సరం పన్ను ముందు కడితేనే దాన్ని తీసుకుంటారు. ఆ లాకుల పేట ఇంటి నుంచి కనకం గారని ఒకావిడ పిటిషన్ పట్టుకుని వచ్చారు. బళ్లో ఆయాగా చేసి రిటైరైన మనిషి. పన్ను కట్టిన రసీదు పిన్ను గుచ్చి మరీ తెచ్చారు.

"ఇల్లు కట్టి యాభై ఏళ్లు దాటిందండి. మీరు పదేళ్లని రాశారు. మా అమ్మ రెండు రోజుల్నుంచి సరిగ్గా అన్నం తినట్లేదండి."

"పన్ను పెరిగితే ఎవరూ తినరు లెండి," అన్నాను. అదే, నోరు పెరగడం అంటే.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "పన్ను గురించి కాదండి. ఆ ఇల్లు మా అమ్మ ఒక్కత్తీ కట్టుకుంది. ఒక్కసారి వచ్చి చూడండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది."

వెళ్లాను. ఈసారి సైకిల్ దిగాను. వసారా దాటి లోపలికి అడుగుపెట్టగానే తల కొట్టేసినట్టయింది. 1992లో వేసిన స్లాబు వసారా వరకే. లోపల మూడు గదులూ పాత పెంకుటిల్లు, తాటి దూలాలు, మట్టిగోడలకి సున్నం. పడక్కుర్చీలో మంగాయమ్మ గారు. ఎనభై ఏళ్ల మనిషి, చూపు దాదాపు పోయింది. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు, చేతుల నిండా మట్టిగాజులు.

"పదేళ్ల ఇల్లని రాసిందెవరు నాయనా?"

నీళ్లు నమిలాను. "నేనేనండి మామ్మగారూ."

"కళ్లు నాకు పోయాయనుకున్నాను," అన్నారావిడ. పక్కన కనకం గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు.

కాఫీ ఇచ్చి కథ చెప్పారు. మంగాయమ్మ గారి భర్త సూర్యనారాయణ గారు, పెళ్లయిన రెండో ఏడు కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్లారు. మా వైపు నుంచి అప్పట్లో మిల్లుల్లో పనికి చాలామంది వెళ్లేవారు. కనకం గారు అప్పుడు ఆవిడ కడుపులో ఉన్నారు. తర్వాత యుద్ధం వచ్చింది, రంగూన్ మీద బాంబులు పడ్డాయి. నడిచొచ్చినవాళ్లు నడిచొచ్చారు, ఓడల్లో వచ్చినవాళ్లు ఓడల్లో వచ్చారు. ఆయన రాలేదు. పోయారన్న కబురూ రాలేదు. ఆవిడ కొబ్బరి పీచుతో తాళ్లు పేని, అమ్మి, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అయిదు సెంట్లలో ఆ మూడు గదులూ వేసుకున్నారు.

"ఏ సంవత్సరంలో కట్టారండీ?"

"సంవత్సరాలు నాకేం తెలుస్తాయి నాయనా? కనకాన్ని బళ్లో వేసినాక కట్టాను. గట్టు తెగి గోదారి ఇంట్లోకొచ్చినప్పుడు ఇద్దరం అటకెక్కి కూర్చున్నాం. నీళ్లు తీశాక ఎంతవరకు వచ్చిందో గుర్తుంటుందని మధ్య గది స్తంభానికి కొడవలితో గాటు పెట్టాను. చూడు, ఉంటుంది."

ఉంది. నా గుండెల ఎత్తున, బొటనవేలు పట్టేంత లోతు గాటు. పంతొమ్మిది వందల యాభై మూడు వరద నీళ్లు ఆ పేటలోకి వచ్చాయని ఊరంతటికీ తెలుసు. ఎనభై ఆరు వరదకి గట్టు ఆగింది, ఆ పేటలోకి చుక్క రాలేదు. అంటే ఆ గాటు యాభై మూడుదే, ఇల్లు అంతకంటే ముందుదే. నాకు తెలిసింది బాగానే ఉంది, ఆఫీసుకి తెలిసేదెలా? ఏ స్తంభానికైనా ఎవరైనా గాటు పెట్టొచ్చంటారు.

అప్పుడు కాలవ మీది లాకుల గోడ గుర్తొచ్చింది. అక్కడ ఇరిగేషన్ వాళ్లు యాభై మూడు వరద మట్టానికి గుర్తు చెక్కించారు. ఇంటికీ దానికీ మధ్య నూరు గజాలు కూడా ఉండదు. నిలిచిన నీళ్లు పేటంతా ఒకే మట్టంలో ఉంటాయి కదా! మర్నాడు తెలిసిన తాపీ మేస్త్రిని బతిమాలి, వాళ్లు గోడల మట్టం చూసుకునే నీళ్ల పైపు పట్టించుకొచ్చాను. పారదర్శకంగా ఉండే ఆ పైపులో నీళ్లు పోస్తే రెండు కొసల్లోనూ ఒకే ఎత్తున నిలబడతాయి. లాకుల గుర్తు దగ్గర మొదలుపెట్టి, అరుగుల మీద పెన్సిల్ గీతలు పెట్టుకుంటూ, నాలుగు విడతల్లో స్తంభం దాకా వచ్చాం. పేటంతా వెనకే నడిచింది. చివరి గీత గాటుకి వేలెడు కూడా తేడా లేకుండా పడింది. మేస్త్రి, "అబ్బో, మామ్మగారి కొడవలి మా పైపు కంటే నయవండీ," అన్నాడు. మంగాయమ్మ గారు కుర్చీలో కూర్చునే, "నేను అబద్ధం ఆడతానా ఏంటి?" అన్నారు. కానీ మొహం విచ్చుకుంది.

నా తప్పు నేనే ఒప్పుకుంటూ రిపోర్టు రాశాను. కమిషనర్ గారు విచారణలో నాకు నాలుగు చీవాట్లు పెట్టి పిటిషన్ ఒప్పుకున్నారు. వసారా వరకే స్లాబు, మిగతాది యాభై ఏళ్ల పెంకుటిల్లు. పన్ను సగానికి పైగా తగ్గింది. ఎక్కువగా కట్టింది వచ్చే బిల్లుల్లో సర్దుబాటు చేస్తామని కనకం గారితో చెప్పాను. మామూలుగా అలాగే చేస్తాం.

ఆ సాయంత్రమే మళ్లీ కబురొచ్చింది. వెళితే మంగాయమ్మ గారు, "సర్దుబాటు అయ్యేదాకా నేనుండొద్దూ? పెంకు తిరగేయించాలి, వానకి కారుతోంది. నా డబ్బు నాకిచ్చేయండి," అన్నారు. న్యాయమే. రిఫండ్ ఫైలు పెట్టాను.

అక్కడ పడింది పీటముడి. చెక్కు అసెస్సీ పేరునే రాయాలి. అసెస్సీ అంటే రిజిస్టర్లో ఎవరి పేరున పన్ను ఉంటే వాళ్లు. తీసి చూస్తే, సూర్యనారాయణ. ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కని మనిషి.

మా మేనేజర్ గారు చెడ్డవాడేం కాదు, రూలు మనిషి. "ఆయన లేడుగా. డెత్ సర్టిఫికెట్ తెమ్మను. లేదంటే అరవై ఏళ్లుగా జాడ లేదు, చనిపోయినట్టే అని అఫిడవిట్ రాసివ్వమను. పేరు మార్చి చెక్కు ఇచ్చేద్దాం. పది నిమిషాల పని," అన్నాడు.

నాకూ పది నిమిషాల పనే అనిపించింది. స్టాంపు పేపరు నేనే కొని, టైపు చేయించి, పుణ్యం చేస్తున్నాననుకుంటూ తీసుకెళ్లాను. కనకం గారు చదివి, నన్ను పెరట్లోకి తీసుకెళ్లారు. "ఇది అమ్మకి చెప్పకండి బాబూ," అని గొంతు తగ్గించారు. కానీ చూపు పోయినవాళ్లవి పాము చెవులు.

"ఏంటది? ఇలా వచ్చి చెప్పండి."

చెప్పక తప్పలేదు. ఎంత మెత్తగా చెప్పినా ఆ మాట ఆ మాటే. ఆవిడ గాజులు ఒక్కొక్కటే వేళ్లతో తడుముకున్నారు.

"ఆయన పోయారని మీకెవరు చెప్పారు నాయనా?"

నేను అఫిడవిట్ మడతపెట్టాను.

"నాకెవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పంది నేనెలా వేలిముద్ర వేస్తాను? ఆ డబ్బు మీరే ఉంచుకోండి. పెంకు కారితే గిన్నె పెట్టుకుంటాం." మళ్లీ ఆవిడే అన్నారు. "ఆర్నెల్లకోసారి ఆయన పేరు మీద ఇంటికో కాగితం వస్తుంది. మీ ముందు గుమాస్తాలు పేరు పెట్టి పిలిచి ఇచ్చేవారు, సూర్యనారాయణ గారిల్లు ఇదేనా అని. అదొక్కటే నాయనా, ఆయన్ని పిలిచేది."

ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ పెరటి గుమ్మం దగ్గర నిలబడి కళ్లు తుడుచుకున్నాను. పద్దెనిమిదేళ్లు గడపగడపకీ తిరిగి, నేనిచ్చే కాగితం ఒక ఇంట్లో ఇలా ఉంటుందని నాకు తట్టనే లేదు. అఫిడవిట్ అక్కడే చింపేశాను.

మర్నాడు రికార్డు రూములో దుమ్ము తిని, ఆ ఇంటికి మొదటిసారి పన్ను వేసిన పాత రిజిస్టరు బయటికి లాగాను. దరఖాస్తుదారు వేలిముద్ర మంగాయమ్మ గారిది. యజమాని అన్న చోట భర్త పేరు. ఆనాటి గుమాస్తా ఆడమనిషి కనబడగానే "మీ ఆయన పేరేంటి?" అని అడిగి అదే యజమాని గడిలో ఎక్కించేసి ఉంటాడు. నేనూ అలా ఎన్ని రాశానో! కనకం గారిని పసుపు కుంకుమ దస్తావేజు అడిగి తెప్పించాను. స్థలం మొదటినుంచీ ఆవిడ పేరునే ఉంది. అంటే ఆయన ఎన్నడూ ఆ ఇంటికి యజమాని కాడు. చనిపోయినాయన నుంచి ఆవిడకి పేరు మార్చడం కాదిది, ఆఫీసు చేసిన పొరపాటు ఆఫీసు దిద్దుకోవడం. దానికి డెత్ సర్టిఫికెట్ అక్కర్లేదు, అఫిడవిట్ అక్కర్లేదు.

మేనేజర్ గారు నోట్ ఫైలు రెండుసార్లు చదివి, "ఇంత తిరుగుడెందుకయ్యా?" అన్నాడు. జరిగింది చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని సంతకం చేశాడు. కమిషనర్ గారూ చేశారు.

ఆఫీసుకి అప్పుడే కంప్యూటర్ వచ్చింది. కొత్త ఎంట్రీ టైపు చేసినావిడ, వయసు చూసి అలవాటు కొద్దీ "మంగాయమ్మ, భర్త లేటు సూర్యనారాయణ" అని కొట్టింది. పోయినవాళ్ల పేరు ముందు "లేటు" అని రాయడం మా రిజిస్టర్ల ఆనవాయితీ. పక్కన నిలబడి ఆ మాట తీయించాను.

చెక్కూ, కొత్త నోటీసూ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మంగాయమ్మ గారు చెక్కు కూతురికిచ్చేసి, నోటీసు చదవమన్నారు. చదివాను. ఇంకోసారి చదవమన్నారు. పన్ను కట్టమనే కాగితాన్ని ముద్దుగా చదివించుకున్న మనిషి నా సర్వీసులో ఆవిడొక్కరే.

"ఆయన పేరు పోలేదు కదా?"

"పోలేదండి మామ్మగారూ. మీ పేరు పక్కనే ఉంది."

"ముందు ఏమీ రాయలేదు కదా?"

"ఏమీ రాయలేదండి."

మరుసటి వానాకాలం రాకముందే పెంకు తిరగేయించుకున్నారు. ఆ కేసు తర్వాత నేను ఏ ఇంటికీ సైకిల్ మీద నుంచి వయసు రాయలేదు. ఎవరి పేరు ముందూ "లేటు" అన్న మాట ఇంట్లోవాళ్లని అడక్కుండా చేర్చలేదు. ఉద్యోగంలో ఎదగడానికి అవేవీ పనికిరాలేదు, కానీ పేటల్లో నన్ను చూసి లోపలికి వెళ్లిపోయేవాళ్లు కాస్త తగ్గారు.

మూడేళ్లకి మంగాయమ్మ గారు పోయారు. ఇల్లు తన పేరుకి మార్పించుకోవడానికి కనకం గారు తల్లి డెత్ సర్టిఫికెట్ పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చారు. ఫారం నేనే నింపాను. కనకం, తండ్రి అన్న గడి దగ్గర కలం ఆగింది.

"నాన్నగారి పేరు ముందు ఏం రాయమంటారండీ?" అని అడిగాను.

కనకం గారు కిటికీలోంచి కాలవ వైపు చూశారు. "నేనాయన్ని ఎన్నడూ చూడలేదండి," అన్నారు. "అమ్మ ఎలా రాయించుకుందో అలాగే రాసేయండి."

అలాగే రాశాను.