కొలవకుండా రాసిన పాము బరువు

ఆ రోజుల్లో నాకు తెలిసిన సైన్సంతా రికార్డు రాయడమే. కాకినాడ దగ్గర మా ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళలో నేను నిజంగా కొలిచినవి రెండో మూడో ఉంటాయి, రికార్డుల్లో రాసినవి మాత్రం ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. ముందు జవాబు తెలుసుకోవాలి, అక్కణ్ణుంచి వెనక్కి నడుచుకుంటూ రీడింగులు పుట్టించాలి, గ్రాఫు గీసినప్పుడు చుక్కలన్నీ గీత మీదే పడకుండా ఒకదాన్ని కాస్త పక్కకి జరపాలి. ఆ జరిపిన చుక్కని చూసి ల్యాబ్ సారు "గుడ్, ఒరిజినల్" అని మురిసిపోయేవారు. (ఏ చుక్కని జరపాలో తెలియడమే అసలు చదువు.) ఈ విద్యలో నాకు కాలేజీలో మంచి పేరుండేది. ఆ పేరుని సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కన సర్దుకుని మాస్టర్స్ చదవడానికి జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ వచ్చాను.

వచ్చిన మొదటి ఆరు వారాలు సీనియర్ వరంగల్ అక్క గదిలో నేలమీద పడుకున్నాను. గదులు దొరకడం లేదు, దొరికినచోట అన్మెల్డుంగ్ కాగితం (ఫలానా ఇంట్లో ఉంటున్నామని ఊరి ఆఫీసులో ఇచ్చేది) మీద ఓనర్లు సంతకం పెట్టడం లేదు. చివరికి ఒక పెద్దావిడ రమ్మంది. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది, ఓమా అని పిలవమంది (మన అమ్మమ్మ అన్నట్టే). మొదటి ప్రశ్న, నాకు పాములంటే భయమా అని. పులంటే భయమా అని అడిగినా ఆ రోజు నేను లేదనే చెప్పేదాన్ని. హాల్లో గాజుపెట్టె, అందులో నారింజరంగు పాము. పేరు లోట్టె. విషం లేదు, పద్నాలుగేళ్ళు, చనిపోయిన భర్త పెంచుకున్నది. ఓమా దాన్ని మెడలో వేసుకుని నా కాగితం మీద సంతకం పెట్టింది. నేను తలుపు దగ్గరే నిలబడి థాంక్స్ చెప్పాను.

నవంబర్లో ఓమాకి మోకాలి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మూడు వారాలు ఎక్కడో కొండల్లో వ్యాయామాలు చేయించే ఆసుపత్రికి పంపారు. వెళ్తూ వెళ్తూ నా చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టింది. అది పదమూడోది. మొదటి పన్నెండూ అలమరలో ఉన్నాయి, ఎక్కువభాగం భర్త చేతిరాత. రోజూ గాజుపెట్టెలో వెచ్చని వైపు ఉష్ణోగ్రత, మూడు రోజులకోసారి బరువు, గురువారం గురువారం ఎలుక (ఫ్రీజర్లో నా కరివేపాకు పక్కనే ఉండేది), చివరి గడిలో ఏదైనా విశేషం. "అది నోటితో చెప్పుకోలేదు కదా పిల్లా. మనమే చూడాలి, మనమే రాయాలి" అంది ఓమా.

మొదటి రోజు నిజంగానే ప్రయత్నించాను. కాటా బల్లమీద పెట్టాను, గ్లౌజులు వేసుకున్నాను, మూత తీశాను. లోట్టె తలెత్తి నావైపు చూసింది. మూత పెట్టేశాను. కుర్చీలో కూర్చుని పాత పేజీలు తిరగేస్తే బరువు ఆరువందల పది గ్రాములు, ఆరువందల పన్నెండు, అలా ఉంది. నా చేతికి తెలిసిన పని కళ్ళముందు కనిపించింది. ఆరువందల పదమూడు అని రాశాను. ఉష్ణోగ్రత ఇరవై తొమ్మిది. మర్నాడు ఇరవై ఎనిమిదీ పాయింట్ ఎనిమిది. ఇంకో రోజు నమ్మకం కోసం ఇరవై ఏడున్నర వేసి, విశేషాల గడిలో "కిటికీ కొద్దిసేపు తెరిచాను" అని కూడా రాశాను. గురువారం పొడుగాటి పట్టకారుతో ఎలుకని లోపల పెట్టి పరిగెత్తాను. సాయంత్రానికి అది అక్కడే ఉంది. తీసి పారేశాను. పాత పేజీల్లో ప్రతి గురువారం "తిన్నది" అని ఉంది కాబట్టి నేనూ "తిన్నది" అనే రాశాను. ఆదివారం ఓమా ఫోన్ చేసి లోట్టె ఎలా ఉందంటే, పుస్తకం తెరిచి గడగడా చదివేశాను. "నువ్వు చాలా శ్రద్ధగల పిల్లవి" అంది.

ఇంకో సంగతి. ఓమా వంటగదిలో నా రైస్‌కుక్కర్‌కి చోటు లేదు. గాజుపెట్టె వెనక ఎక్స్‌టెన్షన్ బాక్సులో మాత్రం ఒక తెల్ల ప్లగ్గు ఏ పనీ చేస్తున్నట్టు కనిపించలేదు. లైటు వెలుగుతోంది, దాని ప్లగ్గు వేరే. ఈ తెల్లది వెలగదు, మోగదు. అనవసరమైనదని తీర్మానించి పీకేసి, రెండో రోజునుంచే అక్కడ అన్నం వండుకున్నాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం పప్పూ అన్నం తింటూంటే సన్నగా ఈలలాంటి శబ్దం వినబడింది. కుక్కర్ అనుకున్నాను. కుక్కర్ అప్పటికే చల్లారిపోయింది. లోట్టె గాజుకి గడ్డం ఆనించి తల పైకెత్తి ఉంది. నోరు సగం తెరుచుకుని ఉంది. ముక్కు దగ్గర చిన్న బుడగ వస్తోంది, పగులుతోంది, మళ్ళీ వస్తోంది. ఫ్రిజ్ మీద ఓమా అంటించిన కాగితంలో ఎర్రసిరాతో సరిగ్గా ఈ నాలుగు లక్షణాలూ ఉన్నాయి, కింద "ఆ రోజే డాక్టరు" అని ఉంది. అప్పుడు మొదటిసారి పెట్టె గోడకున్న చిన్న ఉష్ణోగ్రత మీటరు వైపు చూశాను. ఇరవై. నా పుస్తకంలో ఆ పొద్దున్నే ఇరవై తొమ్మిదీ పాయింట్ ఒకటి అని ఉంది. పీకేసిన తెల్ల ప్లగ్గు పెట్టెని వెచ్చగా ఉంచే హీటరుదని తెలిసింది. కంచం పక్కకి నెట్టేశాను.

అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, పాము నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, ముక్కులోంచి బుడగలొస్తున్నాయి."

"ఏందే నువ్ చెప్పేది? పామా? గా ఇంట్ల పామున్నదా? మరి గన్ని రోజులు నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు రావని."

"ఇప్పుడైతే వస్తనా? ఆగు, పాముల డాక్టరెక్కడుందో చూస్త. టెర్మిన్ దొర్కుడు కష్టమే." (అపాయింట్‌మెంటుకి ఇక్కడి మాట.) పది నిమిషాల తర్వాత మళ్ళీ చేసింది. "రెండు వారాలాగుమన్నరు. ముక్కులకెల్లి బుడగలొస్తున్నయంటే ఇప్పుడే తెమ్మన్నరు. ఇంకా నీ దిండు గలీబుల పెట్టుకొని, డబ్బాల వేడినీళ్ళ సంచి పక్కన వెట్టి తేవాల్నంట. రైల్వే స్టేషన్ కాడికొస్త. డబ్బా మాత్రం నేను పట్ట."

దిండు గలీబులోకి అది దానంతటది రాదు కదా. నేనే ఎత్తాలి. గ్లౌజులు కూడా మర్చిపోయాను. చల్లగా, పొడిగా, అనుకున్నదానికన్నా తేలిగ్గా ఉంది. నా వేళ్ళకి చుట్టుకుంది, బుస కొట్టలేదు, విదిలించుకోలేదు. వెచ్చగా తగిలింది కాబట్టి పట్టుకుంది, అంతే. నాకు ఏడుపొచ్చింది. నేను పన్నెండు రోజులు అన్నం వండుకుంటూ దీన్ని చలిలో పెట్టాను.

డాక్టరమ్మ నవ్వని మనిషి. కాటా మీద పెట్టింది. అయిదువందల అరవై ఎనిమిది. నా పుస్తకం తెరిచింది. ఆరువందల పద్నాలుగు, మొన్నటి తారీకు. పేజీ మొత్తం నిదానంగా చదివింది.

"మీరేం చదువుతున్నారు?"

"ఇంజినీరింగ్ అండీ."

"అందులో ఏది?"

"కొలతల విభాగం." (అక్క కుర్చీలో అటు తిరిగి కూర్చుంది.)

"ఇరవై తొమ్మిది డిగ్రీల్లో ఉండి, ఎలుకని తిని, బరువు పెరిగిన పాముకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చిందంటే నేను కారణం వెతకాలి. పరీక్షలకి వారం పడుతుంది. దీనికి అంత సమయం లేకపోవచ్చు. ఈ పుస్తకంలో ఉన్న పాముకి నేను మందివ్వలేను. బల్లమీదున్న పాము సంగతి చెప్పండి."

జర్మన్‌లో నేను అంతసేపు ఆగకుండా మాట్లాడటం అదే మొదలు. ప్లగ్గు చెప్పాను, కుక్కర్ చెప్పాను, పారేసిన ఎలుక చెప్పాను, పక్కకి జరిపిన చుక్క సంగతి కూడా చెప్పేశాను (అది ఆమె అడగలేదు). ఆమె మొత్తం రాసుకుని సూది మందు వేసింది. మిగతా అయిదూ మూడు రోజులకోసారి నేనే ఇవ్వాలని, ప్రతిసారీ ముందు బరువు చూడాలని, బరువునిబట్టే మందని, తప్పు అంకె రాస్తే తప్పు మందు పడుతుందని చెప్పి ఎలా గుచ్చాలో చూపించింది. ఇంటికి రాగానే తెల్ల ప్లగ్గు పెట్టాను. రైస్‌కుక్కర్ మంచం కిందకి వెళ్ళింది. మిగతా నవంబరంతా బ్రెడ్డు తిన్నాను.

ఓమాకి ఫోన్ చేయడం సూది వేయడంకన్నా కష్టమైంది. అంతా చెప్పేశాను. గది ఖాళీ చేయమంటుందని సూట్‌కేసు వైపు చూస్తూ కూర్చున్నాను. చివరికి, "ఇవాళ బరువెంత?" అంది.

"అయిదువందల అరవై ఎనిమిది."

"అది రాయి" అని పెట్టేసింది.

ఇంజెక్షన్ రోజుల్లో అక్క వచ్చేది. "నువ్ పామును పట్టుకో, నేను లైటు పట్టుకుంట" అని కుర్చీ మీదెక్కి టార్చి చూపించేది. అయిదువందల అరవై అయిదు. అరవై ఆరు. మళ్ళీ అరవై ఆరు. మూడో సూదికి ఈల తగ్గింది, నాలుగోదానికి నోరు మూసుకుంది. ఓమా ఊతకర్రలతో తిరిగొచ్చిన రోజు నన్ను తిట్టలేదు. స్కేలు తెచ్చి, నేను పుట్టించిన ప్రతి అంకె మీదా ఒక్కొక్క గీత కొట్టించింది. పక్కన "కొలవలేదు" అని రాయించి సంతకం పెట్టమంది. పదహారు సంతకాలు. నా మాస్టర్స్ థీసిస్ మీద కూడా అంత శ్రద్ధగా పెట్టలేదు. కొట్టేసినవి కూడా చదవగలిగేలా ఉండాలంది. అలాగే ఉన్నాయి.

ఇప్పుడు హాంబర్గ్‌లో విమానం భాగాల కొలతలు సరిచూసే ఉద్యోగం నాది. చుక్కలన్నీ గీతమీద పడి, ఒక్కటే ముద్దుగా పక్కకి జరిగిన గ్రాఫు వస్తే, తెచ్చినవాళ్ళని కూర్చోబెట్టి టీ ఇచ్చి, మళ్ళీ కొలుచుకు రమ్మంటాను. నా గురించి కఠినురాలని అనుకుంటారు. ఓమా ఇప్పటికీ నెలకోసారి మెసేజ్ పంపుతుంది, ఒక్క అంకె మాత్రమే. మొన్న వచ్చిన అంకె తక్కువగా ఉంది. కింద ఒక వాక్యం కూడా ఉంది: "లోట్టెకి వయసైంది. నా చేతులు వణుకుతున్నాయి. సరిగ్గా చూశానో లేదో."

రైలెక్కి వెళ్ళాను. కాటా బల్లమీద పెట్టి, ఉత్త చేతులతో మూత తీశాను. అయిదువందల ముప్పై ఒకటి. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అదే. ఒక్కసారైనా పెరిగి ఉంటే బాగుండునని అనిపించింది. ఆ రోజుల్లో ఉన్న అమ్మాయైతే పెంచేసి ఉండేది. ఆ అమ్మాయి మీద నాకిప్పుడు కోపం లేదు, పాపం, మూత తీసి చూడటానికే అంత భయపడింది. ఓమా కళ్ళజోడు సర్దుకుని "ఎంత?" అంది. చెప్పాను. అలాగే రాశాను. విశేషాల గడిలో మాత్రం ఈసారి కాస్త ఎక్కువ రాశాను: చేతిలోకి తీసుకుంటే ఇంకా వేళ్ళకి చుట్టుకుంటోంది.